ఆట ఎవరి సొత్తు?

ఉద్దేశం

ఫుట్‌బాల్ జట్లు కార్పొరేట్ సంస్థల యాజమాన్యంలోకి వచ్చిన తరువాత అభిమానులలో కలుగుతున్న అసంతృప్తికి గల కారణాలను తెలుపడం, స్వామ్యానికి, న్యాసానికి మధ్య ఉన్న భేదాన్ని క్రీడారంగానికి అన్వయించి వివరించడం ఈ పాఠ్యభాగం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఒక ఇంటిని కొన్నవాడు దాని రంగు మార్చవచ్చు, గోడలు పడగొట్టి మళ్లీ కట్టుకోవచ్చు, గుమ్మం మీద కొత్త పేరు చెక్కించుకోవచ్చు. అతనిని ఎవరూ ప్రశ్నించరు. ఒక ఫుట్‌బాల్ జట్టును కొన్నవాడు దాని పేరునో, రంగునో, ఊరినో మార్చినప్పుడు మాత్రం వేలమంది బాధపడతారు. వారిలో ఎవరూ ఆ జట్టులో ఒక్క రూపాయి పెట్టుబడి పెట్టినవారు కారు. చట్టం దృష్టిలో వారికి ఆ జట్టు మీద ఏ అధికారమూ లేదు. అయినా వారి ఆవేదన అర్థరహితమని కొట్టివేయలేము. ఎందువల్ల? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి మన తెలుగునేల మీద ఇటీవల జరిగిన ఒక ఉదంతం చక్కగా ఉపకరిస్తుంది. 2019లో హైదరాబాదు పేరుతో ఏర్పడిన ఒక ఫుట్‌బాల్ క్లబ్బు 2022లో ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచింది. 2025లో పేరునూ ఊరునూ మార్చుకొని ఢిల్లీకి తరలిపోయింది.

హైదరాబాదు ఫుట్‌బాల్ వైభవం

నేటి యువతకు హైదరాబాదు అనగానే క్రికెట్, బ్యాడ్మింటన్ గుర్తుకు వస్తాయి. కాని 1950వ దశకంలో భారతదేశ ఫుట్‌బాల్‌కు కలకత్తా ఒక కన్నయితే హైదరాబాదు రెండవ కన్ను. ఆనాటి హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరాలు రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. 1956-57, 1957-58 సంవత్సరాలలో హైదరాబాదు రాష్ట్రజట్టు సంతోష్ ట్రోఫీని వరుసగా రెండుసార్లు సాధించింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ అదే ట్రోఫీని అందుకొన్నది.

ఈ విజయపరంపరలో మొదట చెప్పుకోవలసిన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదులో జన్మించిన ఆయన వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. నగర పోలీసు జట్టుకు, ఆ తరువాత భారతజట్టుకు శిక్షకుడుగా పనిచేశారు. ఆయన శిక్షణలో భారతదేశం 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణపతకం సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది. 1962 జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణకొరియాను ఓడించి మరల స్వర్ణాన్ని గెలిచింది. మరుసటి సంవత్సరమే, 1963లో, రహీం క్యాన్సర్ వ్యాధితో కన్నుమూశారు. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడలో పుట్టి, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ, పెరూ జట్ల మీద గోల్స్ చేసిన తులసీదాస్ బలరాం కూడ ఈ గడ్డ బిడ్డయే.

ఆ రోజులలో జట్టును పోషించినవి పోలీసుశాఖ వంటి ప్రభుత్వ విభాగాలు. ఆటగాడు ఆ శాఖలో ఉద్యోగి. అతని నివాసం, కుటుంబం, మిత్రవర్గం అన్నీ ఆ నగరంలోనే. అతడు సాయంకాలం మైదానంలో ఆడి, మరునాటి ఉదయం అదే వీధిలో నడిచి వెళ్లేవాడు. అందువల్ల జట్టుకు, ఊరికి మధ్య ఉన్న బంధాన్ని ఎవరూ ప్రత్యేకంగా కల్పించవలసిన అవసరం లేకపోయింది. కాలక్రమంలో అటువంటి ఉద్యోగాలు తగ్గిపోయాయి. ప్రజల దృష్టి క్రికెట్ వైపు మళ్లింది. హైదరాబాదు ఫుట్‌బాల్ మెల్లమెల్లగా వెనుకబడిపోయింది. వృద్ధుల జ్ఞాపకాలలో మాత్రమే ఆ వైభవం మిగిలింది.

ఒక క్లబ్బు రాక, పోక

2010 డిసెంబరులో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య తన వాణిజ్యహక్కులను 700 కోట్ల రూపాయలకు, పదిహేను సంవత్సరాల కాలానికి ఐ.ఎం.జి.-రిలయన్స్ సంస్థకు ఒప్పగించింది. దాని ఫలితంగా 2014 అక్టోబరులో ఎనిమిది జట్లతో ఇండియన్ సూపర్ లీగ్ ప్రారంభమైంది. ఈ లీగు ‘ఫ్రాంచైజీ’ పద్ధతి మీద నడిచింది. ఒక పెట్టుబడిదారుడు నిర్ణీత రుసుము చెల్లించి, ఒక నగరం పేరుతో జట్టును నడిపే హక్కును పొందడమే ఫ్రాంచైజీ. ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. పూర్వం ఊరు జట్టును కన్నది. ఈ పద్ధతిలో జట్టు ఊరిని ఎంచుకొంటుంది. ఎంచుకొన్నది గనుక విడిచిపెట్టనూ వచ్చు.

2019 ఆగస్టులో ఈ సత్యం రెండు విధాలుగా వెల్లడైంది. ఢిల్లీ డైనమోస్ అనే జట్టు రాజధానిని విడిచి భువనేశ్వరం చేరి ఒడిశా ఎఫ్.సి. అయింది. పూణే నగరపు జట్టు మూతపడగా, ఆ స్థానంలో హైదరాబాదు ఎఫ్.సి. ఆవిర్భవించింది. ఆనాడు మన వారు సంతోషించారు. అది సహజమే. కాని పూణే అభిమానులు పోగొట్టుకొన్న దానినే తాము పొందుతున్నామని ఆ సంబరంలో ఎందరు తలచి ఉంటారు?

కొత్త క్లబ్బు పసుపు, నలుపు రంగులను ధరించింది. దాని చిహ్నంలో చార్మినారు రూపురేఖలు చోటు చేసుకొన్నాయి. మొదటి సంవత్సరం జట్టు అట్టడుగున నిలిచింది. 2020లో స్పెయిన్ దేశస్థుడైన మనోలో మార్కెజ్ శిక్షకుడుగా వచ్చిన తరువాత దాని దశ తిరిగింది. కరోనా కారణంగా రెండు సీజన్ల పోటీలన్నీ గోవాలోనే జరిగాయి. 2022 మార్చి 20న ఫటోర్డా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌తో జరిగిన అంతిమ పోటీ 1-1తో సమానమైంది. పెనాల్టీ షూటౌట్‌లో గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు బంతులను అడ్డుకోగా, హైదరాబాదు 3-1తో విజేత అయింది. తరువాతి సంవత్సరం జట్టు లీగు పట్టికలో రెండవ స్థానంలో నిలిచింది. గచ్చిబౌలి మైదానంలో ‘డెక్కన్ లీజియన్’ అనే అభిమానుల బృందం నినాదాలతో జట్టును ప్రోత్సహించేది. రహీం కాలం మరల వస్తున్నదని ఆశపడినవారు ఎందరో.

ఆ ఆశ ఎంతోకాలం నిలువలేదు. 2023-24లో క్లబ్బు ఆర్థికంగా కుప్పకూలింది. ఆటగాళ్లకు, సిబ్బందికి వేతనాలు అందలేదు. మార్కెజ్ అంతకుముందే వెళ్లిపోయారు. ఆటగాళ్లు ఒక్కొక్కరుగా జట్టును వీడారు. మిగిలిన యువకులతో ఆడిన ఇరవైరెండు ఆటలలో దక్కిన గెలుపు ఒక్కటే. ఐదు సమానమయ్యాయి, పదహారింటిలో ఓటమి. రెండేళ్ల క్రితం విజేతగా నిలిచిన జట్టు ఎనిమిది పాయింట్లతో చివరి స్థానానికి దిగజారింది. 2024లో బి.సి. జిందాల్ గ్రూపు యాజమాన్యం స్వీకరించింది. 2025 అక్టోబరులో క్లబ్బు ఢిల్లీకి తరలి ‘స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ’ అనే పేరు ధరించింది. 2019లో ఢిల్లీ పోగొట్టుకొన్నది 2025లో ఈ విధంగా తిరిగి దొరికింది. పూణే బాధ హైదరాబాదుకు సంక్రమించింది. ఈ చక్రభ్రమణంలో ఏ నగరమూ దోషి కాదు. ఒక ఊరి అభిమానం కాగితం మీద ఒక అంకెగా మారి చేతులు మారడమే ఇందులోని విషాదం.

ముద్ర ముందా? పోటీ ముందా?

‘బ్రాండ్’ అనే ఆంగ్లపదానికి మూలార్థం కాల్చి వేసిన ముద్ర. పశువు ఎవరిదో తెలియడానికి దాని ఒంటి మీద వేసే వాత వంటిది అది. మన భాషలో ‘అచ్చోసిన ఆంబోతు’ అనే జాతీయం ఇటువంటి ఆచారం నుంచి పుట్టినదే. క్రమంగా ఆ పదం వస్తువు నాణ్యతను సూచించే గుర్తుకు, ఆ గుర్తు ప్రజల మనస్సులో కలిగించే నమ్మకానికి వర్తించింది. మన చరిత్రలోనూ చిహ్నాలకు కొదవ లేదు. కాకతీయులది వరాహలాంఛనం. యుద్ధభూమిలో ఒక్కొక్క వీరుని రథం మీద ఒక్కొక్క టెక్కెం ఎగిరేది. కాని ఆ టెక్కేనికి గౌరవం తెచ్చింది వస్త్రం కాదు, దాని క్రింద నిలిచి పోరాడినవారి పరాక్రమం. మొదట పరాక్రమం, దాని వెనుక ప్రఖ్యాతి. ఇదే సహజమైన క్రమం.

కార్పొరేట్ యాజమాన్యాల మీద అభిమానుల ప్రధాన ఆరోపణ ఈ క్రమం తలక్రిందులైనదనే. మంచి ఆటగాళ్ల కోసం, బాలుర శిక్షణ కోసం వెచ్చించవలసిన ధనం, శ్రద్ధ ప్రకటనలకు, కొత్త చిహ్నాలకు, ప్రారంభోత్సవాలకు మళ్లుతున్నాయని వారి అభియోగం. జెర్సీ మీద ప్రకటనదారుల పేర్లు పెరుగుతుంటే ఆట నాణ్యత మాత్రం పెరగడం లేదని వారు వాపోతారు.

ఈ పరిణామానికి కేవలం యజమానుల మనస్తత్వమే కారణమా? కాదు. పోటీ నిర్మాణంలోనే దీనికి ఒక మూలం ఉన్నది. ఇంగ్లండు, జర్మనీ, స్పెయిన్ వంటి దేశాలలో లీగులు అంతస్తులుగా ఉంటాయి. పై అంతస్తులో చివరన నిలిచిన జట్లు క్రింది అంతస్తుకు దిగిపోతాయి. క్రింద గెలిచినవి పైకి వస్తాయి. దిగిపోతే ప్రసారాల ఆదాయం, ప్రకటనలు, ప్రతిష్ఠ అన్నీ క్షీణిస్తాయి. అందువల్ల అక్కడ యజమాని ఎంతటి వ్యాపారదృష్టి గలవాడైనా ఆటను నిర్లక్ష్యం చేయలేడు. ఇండియన్ సూపర్ లీగులో తొలి దశాబ్దంలో ఇటువంటి పతనభయం లేదు. 2023 నుంచి క్రింది లీగు విజేత పైకి రావడానికి అవకాశం కలిగింది గాని, హైదరాబాదు 2019-20లోనూ 2023-24లోనూ చివరి స్థానంలో నిలిచినా లీగులో దాని చోటు పదిలంగానే ఉన్నది. ఓడినవానికి పోయేదేమీ లేనప్పుడు గెలుపు కోసం చేసే వ్యయం యజమానికి వృథావ్యయంగా కనిపిస్తుంది. అప్పుడు ముద్రకు మెరుగులు దిద్దడమే లాభదాయకమనిపిస్తుంది.

2021 ఏప్రిల్ 18న ఐరోపాలోని పన్నెండు ధనిక క్లబ్బులు ‘సూపర్ లీగ్’ పేరుతో ఒక కొత్త పోటీని ప్రకటించాయి. వ్యవస్థాపక జట్లకు అందులో శాశ్వతస్థానం ఉంటుంది. ఎంత ఓడినా వాటికి ఉద్వాసన ఉండదు. ఆ క్లబ్బుల సొంత అభిమానులే వీధులలోకి వచ్చి దానిని నిరసించారు. రెండు రోజులలోనే ఇంగ్లండుకు చెందిన ఆరు క్లబ్బులూ వెనుదిరిగాయి. తమ జట్టుకు శాశ్వతలాభం చేకూర్చే పథకాన్ని అభిమానులే త్రోసిపుచ్చడం వింతగా తోచవచ్చు. ఓడిపోయే అవకాశం లేని పోటీలో గెలుపునకు రుచి ఉండదని వారికి తెలుసు.

పోషకుడు ఆటను మించినప్పుడు

ధనం గలవారు ఆట మీద తమ ముద్ర వేయడం కార్పొరేట్ యుగంలోనే మొదలైందని అనుకోరాదు. మన విశాఖపట్టణానికి పొరుగున ఉన్న విజయనగరం సంస్థానమే దీనికి నిదర్శనం. ‘విజ్జీ’గా ప్రసిద్ధుడైన మహారాజకుమారుడు విజయానంద గజపతిరాజు క్రికెట్‌ను ఎంతో ఉదారంగా పోషించారు. 1930-31లో తన సొంత ఖర్చుతో జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ వంటి మహా ఆటగాళ్లను ఇండియాకు రప్పించారు. ఆ పోషణకు క్రీడాలోకం రుణపడి ఉన్నది. అదే పోషకుడు తన పలుకుబడితో 1936లో ఇంగ్లండు వెళ్లిన భారతజట్టుకు నాయకత్వం సంపాదించుకొన్నారు. ఆ పర్యటన మధ్యలో జట్టులోని ఉత్తమ ఆటగాళ్లలో ఒకరైన లాలా అమర్‌నాథ్‌ను స్వదేశానికి తిప్పి పంపివేశారు. మూడు టెస్టులలో రెండింటిలో భారతదేశం ఓడిపోయింది. ఆ మూడు టెస్టులలో నాయకుడు చేసిన పరుగులు మొత్తం 33. పోషణ గొప్పదే. కాని పోషించినవాడు ఆటకంటె ముందు నిలవదలచినప్పుడు ఆట కుంటుపడుతుందని ఈ చరిత్ర తెలుపుతున్నది.

పేరు, రంగు, ఊరు

అభిమాని మనస్సులో జట్టు అనగా ఆనాడు మైదానంలో ఉన్న పదకొండుగురు మాత్రమే కాదు. ఆటగాళ్లు వస్తారు, పోతారు. శిక్షకులు మారుతారు. యజమానులూ మారుతారు. మారకుండా తరతరాలకు అందేవి మూడు: పేరు, రంగు, ఊరు. ఈ మూడింటి విషయంలో ప్రపంచం నేర్చుకొన్న పాఠాలను పరిశీలిద్దాం.

మొదటిది పేరు. కలకత్తాలోని మోహన్ బాగాన్ క్లబ్బు 1889లో స్థాపితమైంది. 1911లో ఆంగ్లేయుల జట్టును ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డు గెలుచుకొని, స్వాతంత్ర్యోద్యమ కాలంలో జాతి ఆత్మగౌరవానికి చిహ్నమైంది. 2020లో దాని ఫుట్‌బాల్ విభాగం ఒక కార్పొరేట్ సంస్థకు చెందిన ఏ.టి.కె. జట్టుతో విలీనమై ‘ఏ.టి.కె. మోహన్ బాగాన్’ అయింది. ఆకుపచ్చ, మెరూన్ రంగులు అలాగే ఉన్నా, నూరేళ్లకు పైబడిన పేరుకు ముందు ఆరేళ్ల సంస్థ పేరు చేరడాన్ని అభిమానులు సహించలేదు. మూడు సంవత్సరాలు నిరసన సాగింది. చివరకు 2023 మార్చిలో జట్టు లీగు విజేతగా నిలిచిన రాత్రి యజమాని ఆ మూడక్షరాలను తొలగిస్తున్నట్లు ప్రకటించారు.

రెండవది రంగు. ఆస్ట్రియా దేశంలో సాల్జ్‌బర్గ్ నగరపు క్లబ్బు 1933 నుంచి ఊదా, తెలుపు రంగులను ధరించింది. 2005లో రెడ్ బుల్ అనే పానీయాల సంస్థ దానిని కొని పేరు మార్చి, రంగులను ఎరుపు, తెలుపులకు మార్చింది. కొత్త జట్టు ఎన్నో విజయాలు సాధించిన మాట వాస్తవం. అయినా పాత అభిమానులలో ఒక వర్గం ఆ విజయాలలో పాలుపంచుకోలేదు. వారు అదే సంవత్సరం పాత పేరుతో, ఊదారంగుతో వేరే క్లబ్బును స్థాపించి ఏడవ అంతస్తు నుంచి ఆట మొదలుపెట్టారు. అభిమానులు కోరేది గెలుపు ఒక్కటే కాదనడానికి ఇది తార్కాణం. ఎవరి పేరున గెలుస్తున్నామన్నది కూడ వారికి ముఖ్యమే.

మూడవది ఊరు. లండన్‌లోని వింబుల్డన్ అనగానే మనకు టెన్నిస్ స్ఫురిస్తుంది. అక్కడ 1889లో పుట్టిన ఒక ఫుట్‌బాల్ క్లబ్బు కూడ ఉండేది. 2002లో దానిని దూరంగా ఉన్న మిల్టన్ కీన్స్ పట్టణానికి తరలించడానికి అనుమతి లభించింది. అభిమానులు కన్నీరు కార్చి ఊరుకోలేదు. ఆ వేసవిలోనే ఒక బహిరంగమైదానంలో ఆటగాళ్లను ఎంపిక చేసి, ఏ.ఎఫ్.సి. వింబుల్డన్ అనే సొంత క్లబ్బును తొమ్మిదవ అంతస్తులో ప్రారంభించారు. తొమ్మిది సీజన్లలో ఐదు అంతస్తులు ఎక్కి 2011లో ఇంగ్లండు ప్రధానలీగు వ్యవస్థలో అడుగుపెట్టారు. 2020లో తమ పాత మైదానానికి సమీపంలోనే కొత్త మైదానం నిర్మించుకొన్నారు.

యజమానుల వాదం

న్యాయనిర్ణయం చేయదలచినవారు రెండవ పక్షం వాదనను కూడ వినాలి. మన దేశంలో ఫుట్‌బాల్ క్లబ్బు నడపడం లాభసాటి వ్యాపారం కాదు. ఆటగాళ్ల వేతనాలు, ప్రయాణాలు, మైదానపు అద్దెలు ప్రతినెలా తప్పని ఖర్చులు. టిక్కెట్ల మీద వచ్చే ఆదాయం స్వల్పం. ప్రసారహక్కుల విలువ క్రికెట్‌తో పోల్చదగినది కాదు. 2025లో లీగు నిర్వహణ ఒప్పందం ముగింపునకు రావడంతో తరువాతి సీజన్ సకాలంలో మొదలు కాలేదు. భవిష్యత్తు తెలియని వ్యాపారంలో కోట్లు కుమ్మరించమని ఎవరిని నిర్బంధించగలం? మైదానం నిండినప్పుడు మాది అనే ఊరు, ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కడున్నదని ఒక యజమాని అడిగితే ఆ ప్రశ్నలో కొంత న్యాయం లేకపోలేదు.

ప్రకటనలు కూడ స్వతహాగా దోషం కావు. ముద్ర ద్వారా వచ్చిన ధనం ఆటగానికి జీతంగా, బాలునికి శిక్షణగా మారినప్పుడు అది ఆటకు ఎరువు. మొక్కను మరచి ఎరువును మాత్రమే ప్రదర్శనకు పెట్టినప్పుడు అది దోషమవుతుంది. కాబట్టి కార్పొరేట్ ధనం కావాలా, వద్దా అనేది ఇక్కడి వివాదం కాదు. ఆ ధనం కొన్నది ఏమిటి, కొనలేనిది ఏమిటి అనేదే అసలైన విచారణ.

స్వామ్యం, న్యాసం

ఈ విచారణకు మన ప్రాచీన ధర్మశాస్త్రం ఒక చక్కని పదాన్ని అందిస్తున్నది. అది ‘న్యాసం’. దీనినే నిక్షేపమనీ, అచ్చతెలుగులో ఇల్లడ అనీ అంటారు. ఒకరి వస్తువును మరొకరు నమ్మకంతో దాచి ఉంచడం న్యాసం. మనుస్మృతి పేర్కొన్న పదునెనిమిది వ్యవహారపదాలలో నిక్షేపం ఒకటి. భాసుని ‘స్వప్నవాసవదత్తం’ నాటకంలో మంత్రి యౌగంధరాయణుడు మారువేషంలో ఉన్న వాసవదత్తను మగధరాజపుత్రి పద్మావతి వద్ద న్యాసంగా ఉంచుతాడు. పద్మావతి ఆమెకు ఆశ్రయమిచ్చింది, పోషించింది, ఆదరించింది. అంత చేసినా ఆమె ఎవరో, ఎవరి సొత్తో నిర్ణయించే అధికారం తనదని అనుకోలేదు. అడిగిన నాడు తిరిగి అప్పగించవలసిన బాధ్యతను మరువలేదు.

ఫుట్‌బాల్ క్లబ్బులో స్వామ్యం, న్యాసం రెండూ కలిసి ఉంటాయి. ఆటగాళ్లతో ఒప్పందాలు, లీగులో పాల్గొనే హక్కు, ప్రకటనల ఆదాయం యజమాని స్వామ్యం. అతడు వాటికి మూల్యం చెల్లించాడు. పేరు, రంగు, ఊరు, వెనుకటి తరాల చరిత్ర మాత్రం అతడు సృష్టించినవి కావు. అవి ప్రజలు అతని వద్ద దాచుకొన్న ఇల్లడ. చార్మినారు బొమ్మకు యజమాని వెల కట్టలేదు. ఆ బొమ్మ కలిగించే మమకారాన్ని నగరమే ఇచ్చింది. అభిమానుల ఆవేదనకు ఆధారం ఇదే. తాము దాచుకొన్న వస్తువును తమను అడుగకుండానే వదిలివేశారని వారు బాధపడుతున్నారు.

గాజువాక పరిసరాలలో పెరిగిన విద్యార్థులకు ఈ భావం కొత్తది కాదు. ఇక్కడి ఉక్కు కర్మాగారం పత్రాల ప్రకారం కేంద్రప్రభుత్వ సంస్థ అయిన రాష్ట్రీయ ఇస్పాత్ నిగం లిమిటెడ్‌ది. అయినా 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలర్పించిన చరిత్రను ఎరిగినవారు దానిని ‘మా ఉక్కు’ అనే అంటారు. 2021 జనవరిలో పెట్టుబడుల ఉపసంహరణ నిర్ణయం వెలువడినప్పుడు కూర్మన్నపాలెంలో కార్మికులు దీక్షకు కూర్చొన్నది ఆ మాట మీదనే. కర్మాగారం వేరు, ఫుట్‌బాల్ జట్టు వేరు. వాటి ఆర్థిక సమస్యలూ వేరు. కాని పత్రం మీది యాజమాన్యానికి, మనస్సులోని మమకారానికి మధ్య గల దూరం రెండుచోట్లా ఒకటే.

కర్తవ్యం

భావన ఎంత ఉదాత్తమైనా నియమంగా మారనిదే నిలువదు. జర్మనీలో ‘యాభై ప్లస్ ఒకటి’ అనే నియమం 1998 నుంచి ఉన్నది. పెట్టుబడి ఎవరు పెట్టినా, కొద్ది మినహాయింపులు తప్ప, క్లబ్బు ఓట్లలో అధికభాగం సభ్యులైన సామాన్యుల చేతిలోనే ఉండాలి. ఇంగ్లండులో 2025 జూలైలో ఆమోదం పొందిన ఫుట్‌బాల్ పరిపాలన చట్టం ఒక స్వతంత్ర నియంత్రణ వ్యవస్థను ఏర్పరచింది. అభిమానులతో సంప్రదింపులను, క్లబ్బు వారసత్వ చిహ్నాల రక్షణను అది యాజమాన్యాల బాధ్యతగా చేసింది. మన దేశంలో కూడ క్లబ్బు ఊరు మారేముందు అభిమానుల సంఘాలను సంప్రదించడం, పాత పేరు, చిహ్నం, రికార్డులు ఆ నగరానికే విడిచిపెట్టడం, బాలుర శిక్షణ కేంద్రాలు యజమాని మారినా మూతపడకుండా చూడడం వంటి నియమాలు అవసరం. వీటివల్ల యజమానికి కలిగే నష్టం స్వల్పం. ఊరికి కలిగే మేలు అధికం.

అభిమానులకూ ఒక బాధ్యత ఉన్నది. ఇల్లడ పెట్టినవాడు దాని యోగక్షేమాలు విచారిస్తూ ఉండాలి. గెలిచిన రోజున రంగులు పూసుకొని, ఓడిన రోజున ఇల్లు కదలనివానికి జట్టు తరలిపోయినప్పుడు ఏడ్చే అర్హత సగమే. వింబుల్డన్ అభిమానులు తమ క్లబ్బును మరల పొందగలిగింది తొమ్మిదవ అంతస్తులోని చిన్న మైదానాలకు కూడ టిక్కెట్టు కొని వెళ్లినందువల్లనే. గాజువాకలో సాయంకాలం పిల్లలు బంతి ఆడే బడి మైదానమైనా, కళాశాలల మధ్య జరిగే పోటీ అయినా మన ఊరి ఆటకు అదే తొలిమెట్టు. అక్కడ నిలిచి చూచేవారు లేని ఊరికి ఏ యజమాని తెచ్చిన జట్టూ ఎక్కువకాలం ఊరి జట్టుగా ఉండదు. రహీం వంటి ఉపాధ్యాయుడు మరల పుట్టవలసినదీ, అతని శిష్యులు మరల ఎదగవలసినదీ అటువంటి మైదానాలలోనే.

కఠిన పదాలు - అర్థాలు

ఉదంతం = వృత్తాంతం, జరిగిన సంగతి
స్వామ్యం = యాజమాన్యపు హక్కు
న్యాసం = నమ్మకంతో దాచి ఉంచిన వస్తువు
ఇల్లడ = దాచుటకు ఇచ్చిన సొత్తు, నిక్షేపం
టెక్కెం = ధ్వజం, జెండా
లాంఛనం = గుర్తు, చిహ్నం
పరంపర = వరుస
చక్రభ్రమణం = చక్రం వలె తిరగడం
ఉద్వాసన = తొలగింపు
తార్కాణం = నిదర్శనం
వ్యవహారపదం = న్యాయవివాదానికి విషయమైన అంశం

అభ్యాసం

అ) క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. హైదరాబాదు ఎఫ్.సి. చరిత్ర ఆధారంగా ఫ్రాంచైజీ పద్ధతిలోని గుణదోషాలను వివరించండి.
2. స్వామ్యానికి, న్యాసానికి గల భేదాన్ని పాఠ్యభాగం ఆధారంగా విశదీకరించండి.

ఆ) క్రింది ప్రశ్నలకు సంగ్రహరూప సమాధానాలు వ్రాయండి.
1. సయ్యద్ అబ్దుల్ రహీం సాధించిన విజయాలను తెలపండి.
2. పై అంతస్తు నుంచి దిగిపోయే భయం లేని లీగులో యజమాని ఆటను ఎందుకు నిర్లక్ష్యం చేసే అవకాశం ఉన్నది?
3. వింబుల్డన్ అభిమానులు తమ క్లబ్బును ఏ విధంగా తిరిగి నిర్మించుకొన్నారు?
4. యజమానుల వాదంతో మీరు ఏకీభవిస్తారా? మీ అభిప్రాయాన్ని కారణాలతో వ్రాయండి.

ఇ) క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు రోవర్స్ కప్పును వరుసగా ఎన్నిసార్లు గెలిచింది?
2. కాకతీయుల రాజలాంఛనం ఏది?
3. మోహన్ బాగాన్ క్లబ్బు ఏ సంవత్సరంలో స్థాపితమైంది?
4. వాసవదత్తను పద్మావతి వద్ద న్యాసంగా ఉంచినది ఎవరు?